సింహద్వారం కనబడుచున్నదా?

కొత్త ఇంటికి సింహద్వారం లేదన్న సంగతి గృహప్రవేశానికి సరిగ్గా పదకొండు రోజుల ముందు బయటపడింది.

కనిపెట్టింది నీలవేణి అత్తగారు మహలక్ష్మమ్మ. రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయి నాలుగు నెలలే అయింది ఆవిడకి. ఆటో దిగి, చేతికర్ర ఊతంగా నిలబడి, ముప్పైయేడో నంబరు విల్లాని ఈ చివర్నించి ఆ చివరిదాకా తీరిగ్గా చూసింది.

"ఇల్లు బావుందే నీలా. గుమ్మం ఏదీ?" అంది.

నీలవేణి నవ్వబోయి ఆగింది. ఇంటి ముందు మూడు గ్రానైట్ మెట్లున్నాయి. వాటికి రెండు పక్కలా పూలకుండీల దిమ్మలున్నాయి. పైన పోర్టికోలో దీపం కూడా బిగించారు. మూడో మెట్టు తరవాత మాత్రం గోధుమరంగు రాతి పలకలు అంటించిన గోడ ఉంది. ఆమె మెట్లెక్కి అరచేత్తో తట్టి చూసింది. చాలా మంచి గోడ.

ఆమె భర్త త్రినాథ్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. ఎవరితోనూ గొడవ పెట్టుకునే రకం కాదు. ఇంటి చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి వచ్చి, ప్రాక్టికల్స్ ఫలితం చదివినట్టు, "వెనకాల కూడా లేదు" అన్నాడు.

వెనక గుమ్మం లేదన్నది ముందే తెలుసు. ముందు గుమ్మం, వెనక గుమ్మం ఎదురెదురుగా ఉంటే లక్ష్మి నిలవదని, అందుకే వెనకది తీసేశామని కంపెనీవాళ్ళు బ్రోచర్లో గర్వంగా రాసుకున్నారు. ముందుదాని గురించి ఏమీ రాయలేదు. రాయలేదు కాబట్టి ఉంటుందనుకున్నారు వీళ్ళు. కింద కిటికీలన్నిటికీ గ్రిల్స్ ఉన్నాయి. లోపలికి దారి ఒక్కటే, మొదటి అంతస్తు బాల్కనీ.

కట్టేటప్పుడు చూసుకోలేదా అంటే, చూడనివ్వలేదు. భద్రతా కారణాల వల్ల కొన్నవాళ్ళెవరూ గేటు లోపల అడుగు పెట్టకూడదన్నారు. నెలకోసారి ఫోనుకి డ్రోన్ వీడియో వచ్చేది. డ్రోనుకి పైకప్పులు బాగా కనిపిస్తాయి. నిన్ననే ఫంక్షన్ హాల్లో సన్నాయి మేళంతో ఆఖరి విడత తాళాల పండగ చేసి, మఖమల్ గుడ్డ పరిచిన పళ్ళెంలో తాళంచెవి అందించారు. నీలవేణి దాన్ని హ్యాండ్‌బ్యాగులోంచి తీసి గోడ వంక చూసింది.

"మరి ఇది దేనికిచ్చారండీ?"

జవాబు పక్కింటి మీదనుంచి వచ్చింది. ముప్పైయారో విల్లా ఆసామి ఒకాయన కూరల సంచీ మెడలో వేసుకుని అల్యూమినియం నిచ్చెన మీద బాల్కనీకి ఎక్కుతున్నాడు.

"కొత్తగా దిగుతున్నారాండీ? నిచ్చెన తెచ్చుకున్నారా? పద్నాలుగు మెట్లది తీసుకోండి. పన్నెండుది చాలదు, మా బావమరిది ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాడు."

"మీకు తలుపు లేదాండీ?"

"ఎవరికుందమ్మా? ఎనభై నాలుగు విల్లాలూ ఒకే అచ్చు. లోపల మెట్లున్నాయి లెండి, కిందకి దిగడానికి ఏ ఇబ్బందీ లేదు."

మహలక్ష్మమ్మ కర్రతో నేల మీద ఒక్కటి కొట్టింది.

"నేను నిచ్చెనెక్కను. ఈ మోకాళ్ళు నడవడానికి వేయించుకున్నవి. కుడికాలు గడప దాటించి నడిచి లోపలికెళ్తాను. గడప లేకపోతే ఆ ఇంట్లోకి నేను రాను."

రాకపోతే ఎక్కడుంటుంది? అద్దెయిల్లు ముహూర్తం నాడే ఖాళీ చేస్తామని మాటిచ్చేశారు. మర్నాడు ఇంటాయన కూతురు పసిబిడ్డతో అందులో దిగుతోంది. పదకొండు రోజుల్లో గడప రాకపోతే మహలక్ష్మమ్మకి పాత ఇల్లూ ఉండదు, కొత్త ఇల్లూ ఉండదు.

మర్నాడే నీలవేణి కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. కస్టమర్ల సంతోష విభాగం మేనేజరు ఆమెకి పెద్ద గ్లాసుతో బాదంపాలు ఇప్పించాడు.

"డోర్‌లెస్ లివింగ్ అంటారు మేడం. కిచెన్ ఓపెన్‌గా ఉండాలన్నారు, ఇచ్చాం. హాలూ డైనింగూ ఒకటిగా ఉండాలన్నారు, మధ్య గోడ తీసేశాం. ఆ గోడ ఎక్కడికో చోటికి వెళ్ళాలి కదా."

"తలుపు ఎక్కడికెళ్ళిందండీ?"

"అసలు లేదు మేడం. ఉండి పోతే అది లోపం. లేనిది లేకపోతే అది డిజైన్." గోడకి తగిలించిన ఆమోదిత బొమ్మని వేలితో చూపించాడు. రాతి గోడ, మూడు మెట్లు, అడుగున ఏడు సంతకాలు. "ఇదివరకు ప్లాను గీసి, దాన్నిబట్టి ఇంటి ముఖం, అదే ఎలివేషన్, చేసేవారు. ఇప్పుడు జనం ఎలివేషన్ చూసి కొంటున్నారు కాబట్టి, ఎలివేషన్‌ని బట్టి ప్లాను గీయిస్తున్నాం. బొమ్మలో ఉన్నది ఉన్నట్టు కట్టాం. అంగుళం తేడా చూపించండి, ఉద్యోగం వదిలేస్తాను. ఏడుగురు సంతకాలు పెట్టారు మేడం. ఏడుగురికీ కళ్ళు లేవంటారా?"

తొమ్మిది రోజులు మిగిలాయి. పోస్టాఫీసుకి సెలవు పెట్టి నీలవేణి పురపాలక కార్యాలయంలో ప్రణాళికాధికారి దివాకరం ముందు కూర్చుంది. ఆయన దరఖాస్తుని కాసేపు దగ్గరగానూ కాసేపు దూరంగానూ పెట్టుకుని చదివాడు.

"డోర్ నంబర్ గడి ఖాళీగా ఉన్నదేమమ్మా?"

"డోర్ లేదండి. అది పెట్టుకుంటామనే దరఖాస్తు."

"డోర్ నంబర్ లేని దరఖాస్తు స్వీకరించబడదు."

"అయితే ముందు నంబర్ ఇప్పించండి."

"డోర్ నంబర్ అనగా డోరుకు ఇవ్వబడు నంబరు. డోరు లేనిచో దేనికి ఇవ్వబడును? గోడకిచ్చామనుకోండి, అది గోడ నంబరవుతుంది. మా రిజిస్టరులో అటువంటి శీర్షిక లేదు."

"పోనీ మేమే గోడ పగలగొట్టి తలుపు పెట్టుకుంటేనో?"

దివాకరం కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "అది డీవియేషను. ఆమోదిత ఎలివేషన్‌కు భిన్నమైన ఏ నిర్మాణమైననూ కూల్చబడును."

"తలుపుని ఎలా కూలుస్తారండీ?"

"కన్నం పూడ్చబడును."

నీలవేణి పందొమ్మిదేళ్ళుగా ఉత్తరాలు సార్టింగ్ చేస్తోంది. సగం చెరిగిపోయిన చిరునామాలని కూడా ఇల్లు చేర్చిన మనిషి. "మా దగ్గర డోర్ నంబర్ లేని ఉత్తరాలు కూడా చేరతాయండి" అంది.

"మీది సేవ అమ్మా. మాది ప్రణాళిక." ఆయన కాస్త మెత్తబడ్డాడు. "అసలు చిత్రంలో ద్వారమున్నదనీ, నకలు తీయుటలో జారిపోయినదనీ రుజువు చేయగలిగితే, దానిని లేఖన దోషంగా పరిగణించవచ్చును. అసలు చిత్రము తీసుకురండి. లేదా ఈ నమూనా ప్రకారం డోర్ నంబర్ పొందండి." అంటూ వెనకా ముందూ అచ్చుపడిన కాగితం ఒకటి ఆమె ముందుకి తోశాడు. ఆమె దాన్ని మడిచి సంచీలో వేసుకుంది.

కాలనీవాళ్ళందరూ కలిసి అడిగితే కంపెనీ దిగొస్తుందని త్రినాథ్ సలహా ఇచ్చాడు. ఆదివారం సంఘం సమావేశం అధ్యక్షుడు భుజంగరావు గారి మేడ మీద. ఆయన కాలవల శాఖలో చీఫ్ ఇంజనీరుగా రిటైరయ్యాడు. నీలవేణి కొంగు నడుముకి చుట్టి, పద్నాలుగు మెట్లూ ఎక్కి వెళ్ళేసరికి, ఎలివేషన్ పరిరక్షణ కమిటీ నిచ్చెనల మీద తీర్మానం చదువుతోంది. నిచ్చెనలన్నీ లేత గోధుమరంగులోనే ఉండాలి. పగలు తొమ్మిది నుంచి ఐదు దాకా ఇంటికి ఆనించి ఉంచరాదు. ఆ వేళలో ఇంట్లో ఉన్నవారు ఇంట్లోనే ఉండాలి.

"తలుపులు పెట్టించమని కంపెనీని అడుగుదామండీ" అంది నీలవేణి.

చెప్పు నములుతున్న కుక్కపిల్లని ఎవరో అదిలించారు.

"చూడమ్మాయ్," అన్నాడు భుజంగరావు, "రాష్ట్రంలో తలుపున్న విల్లాలు ఎవరికైనా ఉంటాయి. సిద్ధాంతిగారు రాతపూర్వకంగా ఏమిచ్చారో తెలుసా? ఇల్లు తూర్పుముఖమా ఉత్తరముఖమా అన్నది సింహద్వారాన్ని బట్టి. ద్వారమే లేని ఇంటికి ముఖమే లేదు. ముఖం లేని ఇంటికి దోషమెక్కడ అంటుతుంది? మనవి సంపూర్ణ నిర్దోష గృహాలు! అందులో నువ్వొచ్చి కన్నం పెడతానంటావ్."

"మా అత్తగారు నిచ్చెనెక్కలేరండీ. పైగా గృహప్రవేశానికి ఆవుని ముందు లోపలికి తోలాలి కదా?"

"ఆవుకేం? పన్నెండో నంబరువాళ్ళు క్రేనుతో ఎక్కించారు. దివ్యంగా ఎక్కింది."

"దిగలేదండీ" అన్నాడు పన్నెండో నంబరాయన వెనకనుంచి. "లోపల మెట్లు దిగనంటోంది. ఇరవై రోజులైంది. బాల్కనీలోనే గడ్డేస్తున్నాం."

"బాల్కనీలో ఆవు బ్రోచర్లో లేదు" అని కమిటీ సభ్యుడొకాయన గుర్తుచేశాడు. దానిమీద ఉపసంఘం వేశారు. మహలక్ష్మమ్మ విషయంలో సంఘం ఉదారంగా వ్యవహరించింది. అదే క్రేను పెద్దవాళ్ళకీ వాడుకోవచ్చు, బెల్టు మాత్రం కొత్తది కడతారు అని తీర్మానించింది. నీలవేణి దిగబోతుంటే భుజంగరావు నియమావళి మొదటి వాక్యాన్ని మరోసారి వినిపించాడు. "ప్రతి గృహముఖము అన్నివేళలా బ్రోచరునందున్నట్లే ఉండవలెను."

సంగతి విని మహలక్ష్మమ్మ చేతికర్ర మూలన పెట్టేసింది. తరవాత, "ఆవు బెల్టే కట్టమను. అది నాకంటే పుణ్యం చేసుకుంది, పైకెళ్ళాక కిందకి దిగక్కర్లేదు" అని గోడవైపు తిరిగి పడుకుంది. నీలవేణికి ఆ మాట మేకులా దిగింది.

ఐదు రోజులు మిగిలాయి. పోస్టాఫీసుకి వెళ్తూ హైవే కూడలిలో సిగ్నల్ దగ్గర స్కూటర్ ఆపినప్పుడు ఆమె తల ఎత్తింది. రెండేళ్ళుగా రోజూ చూస్తున్న కంపెనీ ఫ్లెక్సీయే, బ్రోచరు అట్ట మీదున్న బొమ్మే. అదే విల్లా, అవే మూడు మెట్లు. మూడో మెట్టు మీద, పోర్టికో దీపం కింద, రెండు చేతులూ జోడించి కంపెనీ ఎండీగారు నవ్వుతున్నారు. సరిగ్గా తలుపుండాల్సిన చోట. తలుపు ఎంత ఉండాలో అంత.

వెనక బండ్లవాళ్ళు హారన్లు కొడుతున్నా ఆమె కదల్లేదు. ఫ్లెక్సీ ఎవరిదైనా, అడుగున కుడిమూల చీమంత అక్షరాల్లో చేసినవాడి పేరు ఉంటుంది. చెరిగిన చిరునామాలు చదివిన కళ్ళకి అదొక లెక్క కాదు. సూరి ఆర్ట్స్, పాత సినిమా హాలు సందు, ఫోను నంబరు.

సూరికి యాభై ఎనిమిదేళ్ళు. చేతికి రంగులంటిన మరకలు, ఎదుట కంప్యూటరు. ఆమె చెప్పింది విని, ముందు మంచినీళ్ళు తాగాడు.

"అసలు బొమ్మ నా దగ్గర లేదమ్మా. ఆ కంప్యూటరు పోయింది. దీంట్లో ఉన్నవన్నీ పుట్టినరోజు ఫ్లెక్సీలే."

"ఆ బొమ్మలో తలుపుందా, లేదా? అదొక్కటి చెప్పండి."

"ఎప్పటి మాటో అమ్మా, ఏం గుర్తుంటుంది?" సూరి కళ్ళు దించుకున్నాడు. మాట మార్చడానికన్నట్టు, గోడకి చుట్టిపెట్టిన పాత తెరలు చూపించాడు. "కంప్యూటర్లు రాకముందు నాటకాలకి తెరలు వేసేవాణ్ణండి. రాజుగారి కోట తెర ఒకటుండేది. అందులో తలుపు వేశానంటే, ఓసారి మంత్రి వేషగాడు నిజం తలుపనుకుని విసురుగా వెళ్ళి ముక్కు పగలగొట్టుకున్నాడు. ఆయ్! రెండో వరసలో కూర్చున్నవాడిక్కూడా నిజం తలుపులాగే కనబడేది."

కనబడేది. నీలవేణి సంచీలోంచి దివాకరం ఇచ్చిన కాగితం తీసింది. నాలుగో ప్రశ్న మీద వేలు పెట్టింది. "వీధివైపునుండి సింహద్వారము కనబడుచున్నదా? అవును / కాదు." ఉన్నదా అని ఎక్కడా అడగలేదు. కాగితం తిప్పింది. వెనక అడుగున ఇంకో వాక్యం ఉంది. "డోర్ నంబరు గల ద్వారమునకు రంగులు, మరమ్మతులు, రెక్కల మార్పిడి చేసికొనుటకు అనుమతి అవసరము లేదు."

"సూరిగారూ, మీరు బ్రష్షు పట్టి ఎన్నాళ్ళయింది?"

మర్నాడు ఉదయం నుంచి సాయంత్రం దాకా సూరి మూడో మెట్టు మీద నిలబడి గోడమీద టేకు తలుపు వేశాడు. రెండు రెక్కలు, ఇత్తడి గంటలు, పసుపు రాసిన గడప, మామిడాకుల తోరణం. భుజంగరావు కమిటీతో సహా బ్రోచరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఆపండి! బ్రోచర్లో తలుపు లేదు!"

"బ్రోచర్లో అక్కడ ఎవరున్నారండీ?" అంది నీలవేణి.

భుజంగరావు చూశాడు. కమిటీ చూసింది. ఎండీగారున్నారు.

"నియమావళి ప్రకారం మా ఇంటికి ఆయన్ని కూడా వేయిస్తున్నామండీ. సూరిగారూ, తలుపు మీద ఎండీగారిని వేసెయ్యండి. రెండు రెక్కలమీదా సగం సగం."

భుజంగరావు బ్రోచరుని పైకెత్తి కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. క్రమంగా ఆయన మొహంలో రంగు మారింది. "అయితే... ఇన్నాళ్ళూ ఆయన లేకుండా ఎనభై మూడు ఇళ్ళూ డీవియేషన్‌లో ఉన్నాయన్నమాట!" అని గొణిగి, అత్యవసర సమావేశానికి పిలుపునిచ్చి, నిచ్చెన వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మూడు రోజులుందనగా, నీలవేణి నింపి ఇచ్చిన కాగితం పట్టుకుని దివాకరం క్షేత్రస్థాయి పరిశీలనకు వచ్చాడు. జీపు దిగలేదు. వీధివైపునుండి చూడాలని నిబంధన ఉంది కాబట్టి వీధిలోంచే చూశాడు.

"ద్వారము కనబడుచున్నది" అన్నాడు. "ఎవరో పెద్దమనిషి నిలబడి ఉన్నారు. అడ్డు తప్పుకోమనండి, నంబరు కొట్టాలి."

"చెప్పినా కదలరండీ" అంది నీలవేణి.

'అవును' మీద టిక్కు పడింది. ప్యూను వచ్చి, కాంక్రీటు మేకుతో ఎండీగారి కుడి మోచేతి పక్కన నంబరు పలక కొట్టేసి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నమే మేస్త్రీలు సమ్మెటలు పట్టుకుని దిగారు. జీపు తిరిగొచ్చింది.

"ఏమిటిది?" అని గర్జించాడు దివాకరం.

"మరమ్మతండీ. తలుపు బిగుసుకుపోయింది, ఎంత తోసినా రావట్లేదు."

దివాకరం కాగితం ముందుకీ వెనక్కీ తిప్పి చదివాడు. నిబంధన ఆయన సొంత సంతకంతోనే ఉంది. "తలుపులు బిగుసుకొనుట వర్షాకాలంలో సహజము" అని రాసుకుని వెళ్ళిపోయాడు.

గృహప్రవేశం నాటికి కన్నంలో నిజమైన టేకు తలుపు నిలబడింది. దానిమీద సూరి మళ్ళీ ఎండీగారిని వేశాడు. పురోహితుడు ముహూర్తం చెప్పగానే త్రినాథ్ మఖమల్ పళ్ళెంలో తాళంచెవి పట్టుకొచ్చాడు. అది తాళానికి సరిపడలేదు, కానీ తలుపు తోస్తే తెరుచుకుంది. ఎండీగారి జోడించిన చేతులు చెరోవైపు విడిపోయాయి. ఆ చేతుల మధ్యనుంచి ముందు ఆవు నడిచింది. దాని వెనకాల మహలక్ష్మమ్మ చేతికర్ర నీలవేణికిచ్చేసి, గడప ముందు ఒక్క క్షణం ఆగి, కుడికాలు ఎత్తి లోపల పెట్టింది. తరవాత ఎడమకాలు. తరవాత వెనక్కి తిరిగి మళ్ళీ బయటికొచ్చింది.

"ఏవైందత్తయ్యా?"

"ఏం లేదు. ఇంకోసారి వెళ్దామని."

అవతల తన బాల్కనీలోంచి పన్నెండో నంబరు ఆవు ఇదంతా చూసి గట్టిగా అరిచింది.

భోజనాల వేళకి గేటు బయట ఎనభై మూడు ఇళ్ళవాళ్ళూ సూరి కోసం వరస కట్టారు. సూరి విస్తరి ముందు కూర్చున్నాడు. పులిహోర తిని, బూరె చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే నీలవేణి ఫోను మోగింది. కంపెనీ మేనేజరు. తలుపు ఫొటో చూసి ఎండీగారు పరవశించిపోయారట. విచారణ సంఘం కూడా వేశారట, తలుపు పోవడానికి ఎవరూ బాధ్యులు కారని అది అప్పుడే తేల్చేసిందట. ఒక్కటే చిన్న కోరిక. మిగతా ఇళ్ళమీద వేసేటప్పుడు ఆయన్ని ఇంకాస్త పెద్దగా వెయ్యాలట.

నీలవేణి ఆ మాటే సూరికి చెప్పింది. సూరి చేతిలో బూరె విస్తట్లో పడిపోయింది.

"వద్దమ్మా!" అన్నాడు. "ఇంక పెద్దగా వెయ్యను. పోయినసారి ఇలాగే అయింది. ఆ తలుపు మింగేసింది నేనేనమ్మా. ఆర్కిటెక్టుగారు పంపిన బొమ్మలో తలుపుందండి, టేకుది, ఇత్తడి గంటలతో. ఎండీగారు ఫ్లెక్సీ చూసి, 'నేను చిన్నగా ఉన్నాను సూరీ' అన్నారు. పెంచాను. 'ఇంకా' అన్నారు. పెంచాను. అంత మనిషి పట్టడానికి తలుపు దగ్గర తప్ప ఎక్కడా చోటు లేదండి. గుమ్మంలో నిలబడి పిలుస్తున్నట్టుందని అందరూ మెచ్చుకున్నారు. కంప్యూటర్లో ఆయన్నీ తలుపునీ కలిపి బొమ్మంతా ఒకటిగా అతికించేశాను. నెల్లాళ్ళకి ఆఫీసునించి ఫోను. అనుమతులకి అదే బొమ్మ పంపాలి, సర్కారు కాగితం మీద మనిషి ఉండకూడదు, ఆయన్ని తీసెయ్ అన్నారు. తీశాను. ఆయనతోపాటు తలుపు కూడా వచ్చేసి, తెల్లటి కన్నం పడింది. పక్కనున్న రాతి పలకలు నాలుగు తెచ్చి పూడ్చేశాను. పోయిందని అప్పుడే చూశానమ్మా, అబద్ధం ఎందుకు? ఫోను చేసి చెబుదామని ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. ఈలోగా ఎండీగారు చూసి అదిరిపోయిందన్నారు. ఆర్కిటెక్టుగారు చూసి సంతకం పెట్టారు. ఆయనతో కలిపి ఒకరి తరవాత ఒకరు ఏడుగురు చూశారు. నేను ఏడో క్లాసు తప్పినవాణ్ణి. అంతంత చదువుకున్నవాళ్ళు అంతమంది చూసి ఊరుకున్నాక, తలుపు లేకపోవడమే డిజైనేమో అనుకున్నానండి."